బావ కట్టించని రింగులు

మా బావ ఎవరింటికి వెళ్ళినా కూర్చునే ముందు పిల్లరు మీద వేలి కణుపులతో రెండు దెబ్బలు కొడతాడు. ఒకసారి ఆసుపత్రిలో డాక్టరు ఆయన వీపు తట్టి చూస్తుంటే, ఇంకాస్త కిందికి కొట్టండి, అక్కడ బోలుగా ఉంది అన్నాడట. ఇది నా కల్పన అని మా అక్క అంటుంది. ఆవిడ అక్కడ లేదు. నేనూ లేననుకోండి.

పాత కాంక్రీటు భవనాలు భూకంపానికి ఆగుతాయో లేదో చూసి, ఆగనివాటిని గట్టిపరచడం ఆయన పని. బళ్ళు, ఆఫీసులు, ఆసుపత్రులు, ఇరవై ఏళ్ళలో ఆయన చెవి పెట్టి వినని గోడ లేదు. తను ఉంటున్న నాలుగంతస్తుల ఇంటిని మాత్రం ఎన్నడూ ముట్టుకోలేదు. అది కట్టేటప్పుడు సైటు ఇంజనీరు ఆయనే. కుర్రతనంలో కట్టించి, అందులోనే మూడో అంతస్తులో మా అక్కతో కాపురం పెట్టాడు.

మొన్న ఓ మధ్యాహ్నం భూమి ఐదారు సెకన్లు కదిలింది. నా టీ గ్లాసు బల్ల ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి, అక్కడేమీ నచ్చక తిరిగొచ్చింది. ఎక్కడా ఏమీ కూలలేదు. కానీ ఆ ఇంటివాళ్ళందరూ మెట్లు దిగొచ్చి, మళ్ళీ పైకెక్కకుండా వాకిట్లోనే నిలబడిపోయారు. కింద అంతా కార్లు పెట్టుకునే చోటే, గోడలు లేవు. పై బరువంతా పన్నెండు పిల్లర్ల మీదే.

ఆ ఇంటివాళ్ళ సంఘానికి పెద్ద ఒక లెక్కల టీచరు. ఆవిడ రిటైరైంది గానీ ఆవిడ గొంతు రిటైరవలేదు. ఇల్లు క్షేమంగా ఉందని ఒక కాగితం రాసి తెచ్చి, బావని సంతకం పెట్టమంది. అది గోడకి అతికిస్తే అందరూ పైకెళ్ళి వంటలు చేసుకుంటారు.

బావ పెన్ను తీశాడు. మళ్ళీ జేబులో పెట్టేసి, రేపు చెబుతానన్నాడు.

మర్నాడు పొద్దున్నుంచి ఆయన కాలు ఒకచోట నిలవలేదు. లోపలి చువ్వల్ని పసిగట్టే మిషను పట్టుకుని పిల్లరు పిల్లరుకీ తిరిగాడు. అక్క ఇచ్చిన కాఫీ ఒక పిల్లరు దగ్గర పెట్టి ఇంకో పిల్లరు దగ్గర వెతుక్కున్నాడు. పిల్లర్ల నడుము దగ్గర అంతా సవ్యంగానే ఉంది. నిలువు చువ్వలు విచ్చుకోకుండా వాటి చుట్టూ కట్టే ఇనుప రింగులు బెత్తెడు బెత్తెడు దూరంలో ఉన్నాయని మిషను కూసింది. పిల్లరు బీముతో కలిసే కీలు దగ్గరే కూతలన్నీ కలగాపులగం. అక్కడ చువ్వలు గుంపుగా ఉంటాయి, ఏది రింగో దానికి తెలియదు.

బావకి తెలుసు. ముప్ఫై ఏళ్ళ కిందట కాంక్రీటు లారీలు వాకిట్లో నిలబడి ఉండగా, ఆ గుంపులోకి రింగులు దూర్చలేక చేతులు చీరుకుపోతున్నాయనీ, కీళ్ళ దగ్గర వదిలేద్దామా అనీ మేస్త్రీ అడిగాడు. ఈయన వాచీ చూసుకుని కానిమ్మన్నాడు. భూమి ఊగితే ముందు పగిలేది ఆ కీళ్ళేనని ఊరందరికీ చెప్పేదీ ఈయనే.

"సంతకం పెట్టేస్తే ఏమవుతుంది బావా?" అన్నాను.

"ఏమీ కాకపోవచ్చురా. కానీ మీ అక్క పడుకునేది ఆ మూడో అంతస్తులోనే."

అని ఉలి, సుత్తి తీసుకుని ఒక పిల్లరు కీలు దగ్గర స్టూలెక్కాడు. రంగు వేయించి నాలుగు నెలలైనా కాలేదని టీచరు మొత్తుకుంటూనే ఉంది. పెచ్చులు రాలాయి. నిలువు చువ్వలు బయటపడ్డాయి. వాటి చుట్టూ రింగు లేదు.

బావ కిందికి దిగాడు. "మేస్త్రీ తప్పు కాదు. వదిలెయ్యమన్నది నేనే."

ఊళ్ళో అందరి ఇళ్ళకీ వంకలు పెట్టే మనిషి ఇల్లు ఇదన్నమాట అని రెండో అంతస్తు దర్జీ దెప్పాడు. ముప్ఫై ఏళ్ళూ తనకో మాట చెప్పలేదేమని అక్క అడిగింది. బావ వంగి రాలిన పెచ్చులు ఏరసాగాడు.

టీచరు తన కాగితాన్ని నిలువునా చింపింది. "ఎక్కడెక్కడ వదిలేశారో మీకే తెలుసు. మీరే బాగుచెయ్యండి, ఇంకెవర్నీ పిలవం."

"పిలవండి టీచరు గారూ. నేనైతే నాకు గుర్తున్నవే చూపిస్తాను."

ఆ పూటే కార్లు వీధిలోకి వెళ్ళాయి, బీముల కింద ఇనుప జాకీలు నిలబడ్డాయి, జనం చుట్టాల ఇళ్ళకి చేరారు. బావ వయసులో సగం ఉన్న ఇంజనీరమ్మాయి వచ్చింది. ఈయన నీడలా వెంటపడుతుంటే గేటు దగ్గర కూర్చోబెట్టింది. గంటలో ఎనభై ఏడుసార్లు లేచాడు, నేను లెక్కపెట్టాను.

బావకి గుర్తున్నవి నాలుగు కీళ్ళు. ఆ అమ్మాయి తెరిచి చూస్తే పదకొండింటిలో రింగుల్లేవు. ఇప్పుడు వాటికి ఇనుప పట్టీలు బిగించి, చుట్టూ కొత్త కాంక్రీటు పోస్తున్నారు. పన్నెండోది నిక్షేపంలా ఉందని ఆమె ఎంత చెప్పినా, బావ దాన్ని ఇంకోసారి తెరవమంటున్నాడు.