మా మామగారు పాస్ చేసిన బాల్కనీ

మా మామగారు ఏ వస్తువునైనా ముందు తన మీద ప్రయోగించి చూసుకోనిదే ఇంట్లో ఇంకొకరి చేతికి ఇవ్వరు. చెంచా కానీండి, చెప్పులు కానీండి, చెవిలో వేసుకునే చుక్కల మందు కానీండి, ముందు ఆయన వాడి చూడాలి. ఆ తర్వాత కాసేపు కళ్లు మూసుకుని ఆలోచించి "పాస్" అనాలి. అప్పుడు జేబులోంచి నీలం సుద్దముక్క తీసి దాని మీద ఒక టిక్కు పెట్టాలి. టిక్కు పడేదాకా దాన్ని ముట్టుకునే మొనగాడు మా ఇంట్లో లేడు.

ఇదేమీ పుట్టుకతో వచ్చిన జబ్బు కాదు. ఆయన ముప్పై రెండేళ్లు నిచ్చెనల ఫ్యాక్టరీలో తనిఖీదారుగా పనిచేశారు. తయారైన ప్రతి నిచ్చెననీ చిట్టచివరి మెట్టు దాకా ఎక్కి, అక్కడ మూడుసార్లు గెంతి, కిందికి దిగి టిక్కు పెట్టడం ఆయన ఉద్యోగం. ఆయన ఎక్కిన మెట్లన్నీ ఒకదాని మీద ఒకటి పేరిస్తే చంద్రుడి దాకా వెళ్లొచ్చని, కళ్లజోడు అక్కడ మరిచిపోతే మళ్లీ వెళ్లి తెచ్చుకోవచ్చని మా అత్తగారు అంటారు. రిటైరైన రోజున ఫ్యాక్టరీవాళ్లు గోడగడియారం బహూకరిస్తే, అందరూ చప్పట్లు కొడుతుండగా వేదిక మీదే దాని వెనక మూత విప్పి చూసి, చెవి దగ్గర పెట్టుకుని విని, "పాస్" అన్నారట.

ఆ తర్వాత ఎక్కడానికి నిచ్చెనల్లేక ఆయన బాగా డీలా పడిపోయారు. అప్పుడే మా బుడ్డోడు పుట్టాడు. ఆయనకి ఉద్యోగం తిరిగొచ్చింది.

నేను చెప్పేది వాడికి ఏడాది పది నెలలు నిండిన చలికాలం సంగతి. చలికాలంలో అంత పిల్లాడికి ఎన్ని వస్తువులు కావాలో కన్నవాళ్లకే తెలుసు. టోపీ, దాని మీద ఇంకో టోపీ, పొద్దున్న మూడు జతలుండి సాయంత్రానికి ఐదు ఒంటి మేజోళ్లయ్యే మేజోళ్లు, ఇంట్లో స్వెట్టరు, బయట స్వెట్టరు, రెండింటి మీదా పాలు ఒలికాక వేసే స్వెట్టరు. ఇవన్నీ మామగారి మీదుగానే వాడికి చేరాలి.

ఎలుగుబంటి చెవులున్న ఉన్ని టోపీ ఒకటి నేను ముచ్చటపడి కొన్నాను. మామగారు దాన్ని సాగదీసి, నెత్తికి తగిలించుకుని, అలాగే వీధి చివర పాలబూత్ దాకా వెళ్లొచ్చారు. ఆరోజు క్యూలో ఉన్నవాళ్లంతా పక్కకి తప్పుకుని ఆయనకి దారి ఇచ్చారట. ఇంటికొచ్చి, "ఎడమచెవి దగ్గర కుట్టు గుచ్చుకుంటోందమ్మా. ఫెయిల్" అన్నారు. నేను మూతి ముడుచుకుంటూనే టోపీ తిరగేసి చూశాను. చీటీ కత్తిరించిన చోట ప్లాస్టిక్ దారం ముక్క నిజంగానే ఉంది. అది తీసేశాకే టిక్కు పడింది.

స్నానాల తొట్టి కథ ఇంకా పెద్దది. బుడ్డోడి కోసం కొన్న గులాబీరంగు ప్లాస్టిక్ తొట్టిలో ఆయన కూర్చున్నారు. కూర్చోవడం సులువుగానే అయింది, లేవడమే కాలేదు. అత్తగారు ఒక చెయ్యి, నేను ఒక చెయ్యి పట్టుకుని లాగుతుంటే బుడ్డోడు సాయం చేస్తున్నానంటూ తాత మీద మగ్గుతో నీళ్లు పోశాడు. మామగారు మాత్రం తొట్టిలోంచే, "అంచు గట్టిగా ఉంది, బోర్లా పడదు, పాస్" అని తీర్పు చెప్పారు.

పిల్లలు దొడ్డికి కూర్చునే, పాటలు పాడే బాతు పాటీ మీద ఆయన ప్యాంటుతోనే కూర్చుని తనిఖీ చేస్తుండగా మేడమీద మాస్టారు పేపరు కోసం వచ్చారు. ఒక్క క్షణం నిలబడి, వచ్చిన దారినే వెళ్లిపోయారు. ఆ తర్వాత నెలరోజులు ఆయన పేపరు కొనుక్కుని చదువుకున్నారు.

బుడ్డోడికి ఇదంతా లోకధర్మం అనిపించింది. అప్పటికి వాడికొచ్చిన మాటలు నాలుగే: పాలు, పిట్ట, తాత, పాస్. ఏది ముందు పెట్టినా వేలు చూపించి "తాత?" అనేవాడు. తాత ఒక చెంచా తిని పాస్ అంటే నోరు తెరిచేవాడు, లేకపోతే రెండు చేతులతో నోరు మూసుకునేవాడు.

నాకసలే ముక్కుమీద కోపం. మొదట నవ్వుకున్నాను, తర్వాత ఓర్చుకున్నాను, ఆ తర్వాత లోపల్లోపల ఉడికిపోయాను. నేను కలిపిన పాలు ఆయన రుచి చూస్తారు. నేను కాచిన నీళ్లలో ఆయన మోచెయ్యి ముంచుతారు. నేను వేసిన పక్క మీద ఆయన పొర్లుతారు. కొడుకుని పెంచడానికి నాకు లేని అర్హత నిచ్చెనలు ఎక్కినాయనకి ఉందా అనిపించేది. తనిఖీ జరిగేది వస్తువులకి కాదు, నాకే అనిపించేది. మావారితో చెబితే, "చిన్నప్పుడు నా సైకిలు నాకంటే ముందు ఆయనే తొక్కారు" అని జాలిగా చూసి డ్యూటీకి వెళ్లిపోయారు.

బుడ్డోడి కోసం పెట్టిన నా సెలవు ఆ చలికాలమే అయిపోవచ్చింది. నేను బస్సుల టైంటేబుళ్లు తయారుచేసే ఆఫీసులో పనిచేస్తాను. ఇక ఒక్కరోజు కూడా పొడిగించేది లేదని, వచ్చే నెల మొదటి సోమవారం రాకపోతే నా సీటు ఇంకొకరికి ఇచ్చేస్తామని మా పెద్దసారు ఉత్తరం రాశారు. ఆ ఉద్యోగమంటే నాకు ప్రాణం. ఆరోజుకోసం కొత్త బూట్లు కూడా కొనుక్కున్నాను. చూడ్డానికి బాగున్నాయి కానీ మడమ దగ్గర కొరికి చంపేస్తున్నాయి. తలుపు పక్కన పెట్టి, రోజూ చూసి నిట్టూర్చేదాన్ని.

ఆ సోమవారం ఇంకా పన్నెండు రోజులుందనగా, ఒక బుధవారం పొద్దున్న, మామగారు కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లారు. తనిఖీదారు ఇంట్లో లేరన్న హుషారులో నేను బుడ్డోణ్ణి ఎత్తుకుని బాల్కనీలోకి వెళ్లాను. రెయిలింగు మీద రెండు పిట్టలు ఒళ్లు ఉబ్బించుకుని ఎండకి కూర్చున్నాయి. వాడు "పిట్ట, పిట్ట" అంటూ మెడకి వేలాడుతుంటే టోపీ మాటే మరిచిపోయాను. పది నిమిషాలున్నాం.

శుక్రవారానికి వాడికి దగ్గు పట్టుకుంది. మధ్యాహ్నానికి ఊపిరి తీస్తుంటే ఈల వేసినట్టు చప్పుడు. పరుగున డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఊళ్లో పిల్లలందరికీ ఉన్న దగ్గే, కానీ ఛాతీలో కఫం పట్టేసింది అంటూ ఆయన ఒక నెబ్యులైజరు రాసిచ్చారు. మందుని ఆవిరిలా మార్చి మాస్కులోంచి పీల్పించే యంత్రం అది. రోజుకి మూడుసార్లు పట్టాలని, ఆదివారానికి తగ్గకపోతే ఆసుపత్రిలో చేర్చాల్సిందేనని చెప్పారు. మామగారు అలవాటుగా మాస్కు కోసం చెయ్యి చాపారు. డాక్టరు దాన్ని వెనక్కి లాక్కుని, "ఇది పిల్లాడిది, ఇంకెవరూ పెట్టుకోకూడదు" అన్నారు. మామగారి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

ఇంటికొచ్చి మాస్కు చూపించగానే బుడ్డోడు "తాత?" అన్నాడు. తాత తల దించుకున్నారు. అంతే, వాడు రెండు చేతులతో మొహం కప్పేసుకున్నాడు. నేను పట్టుకుంటే గుక్కపట్టి ఏడుపు, ఏడిస్తే ఇంకా దగ్గు. శుక్రవారం రెండుసార్లు, శనివారం పొద్దున్న ఒకసారి ఇదే తంతు. మందంతా గదిలో గాలికి పోయింది. నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

శనివారం మధ్యాహ్నం మా వదిన, అంటే మావారి అక్క, మేనల్లుణ్ణి చూడ్డానికి వచ్చింది. మనిషి చెడ్డది కాదు, భయపడితే కోప్పడుతుంది. ఎప్పట్నుంచి, ఎలా మొదలైందని అడిగింది. నాకు అబద్ధం చెప్పడం రాదు. బుధవారం బాల్కనీ సంగతి చెప్పేశాను.

"టోపీ లేకుండా బాల్కనీలో తిప్పావా?" అంది వదిన. "ఇంట్లో ఉండగానే ఇలా ఉంటే, రేపు ఆఫీసుకి పోయాక వీడి గతేం కాను?"

నిన్నటి నుంచి నన్ను నేను అడుగుతున్నదీ అదే. మామగారు లేచి బాల్కనీలోకి వెళ్లారు. గొడవ చూడలేక వెళ్లారనుకున్నాను. నిమిషంలో తిరిగొచ్చి కూతురి ఎదురుగా నిలబడ్డారు.

"ఆ బాల్కనీ నేను పాస్ చేశాను" అన్నారు.

"మీరా నాన్నా?"

"నేనే. టోపీ తీసేసి పది నిమిషాలు నిలబడి చూశాను. ఫర్వాలేదని అమ్మాయికి నేనే చెప్పాను. ఏమన్నా అనాలంటే నన్ను అను. తలుపు మీద టిక్కుంది, వెళ్లి చూసుకో."

వదిన వెళ్లి చూసింది. తలుపు మీద నీలం టిక్కు ఉంది. ఆ టిక్కుల మధ్యే పుట్టి పెరిగిన మనిషి కాబట్టి ఆమెకి ఆ సాక్ష్యం చాలు. కాసేపటికి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, నేను టీ పెడతాను నువ్వు కూర్చో అంది.

బుధవారం పొద్దున్న ఆయన కళ్ల డాక్టరు దగ్గర ఉన్నారని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. బాల్కనీ గడప మీద తాజా సుద్దపొడి రాలి ఉంది. ముప్పై రెండేళ్ల ఉద్యోగంలోనూ, ఆ తర్వాతా, చూడకుండా ఆ చెయ్యి పెట్టిన ఒకే ఒక్క దొంగ టిక్కు అది.

నాకు సిగ్గేస్తే వంటింట్లోకి పోయి ఉల్లిపాయలు తరుగుతాను. ఆరోజు అవసరం లేకపోయినా నాలుగు తరిగాను. వదిన వెళ్లిపోయాక అత్తగారు వచ్చి పక్కన నిలబడ్డారు. ఫ్యాక్టరీలో టిక్కంటే ఏమిటో ఇన్నేళ్లకి నాకు అప్పుడు చెప్పారు. టిక్కు పడిన నిచ్చెన తర్వాత విరిగితే దాన్ని చేసిన పనివాణ్ణి ఎవరూ ఏమీ అనడానికి లేదు. జవాబు చెప్పుకోవాల్సింది టిక్కు పెట్టినవాడే. అందుకే పనివాళ్లు ఈయన టిక్కు కోసం ఎగబడేవాళ్లట.

"నీ మీద నమ్మకం లేక అనుకున్నావా?" అన్నారు అత్తగారు. "పెళ్లయిన కొత్తలో నేను పాలు మాడబెడితే, మంట పెంచింది నేనేనని వాళ్లమ్మకి చెప్పిన మనిషి. పొయ్యి ఎలా వెలిగించాలో కూడా అప్పటికి ఆయనకి తెలీదు."

ఇన్నాళ్లూ నేను మింగలేక కక్కలేక భరించిన ఆ టిక్కులన్నీ నన్ను కాయడానికి నా ముందు నిలబెట్టిన గోడ అని నాకెప్పుడూ తట్టలేదు. క్షమాపణ చెబుదామని హాల్లోకి వస్తే మామగారు లేరు. బాల్కనీలో ఉన్నారు. బట్టతల మీద టోపీ లేదు. పళ్లు టకటకమంటున్నాయి.

"లోపలికి రండి మామయ్యగారూ, చలి" అన్నాను.

"ఇంకో నాలుగు నిమిషాలున్నాయమ్మా. టిక్కు ముందు పెట్టేశాం కదా, తనిఖీ ఉండిపోయింది" అన్నారు, నా వైపు చూడకుండా.

ఆ నాలుగు నిమిషాలు నేనూ ఆయన పక్కన నిలబడ్డాను. తర్వాత చెప్పులు వేసుకుని తిన్నగా మందుల షాపుకి వెళ్లాను. పెద్దవాళ్ల మాస్కు ఒకటి, మందు లేకుండా వట్టి ఉప్పునీటి సీసా ఒకటి అడిగాను. అది పెద్దవాళ్లు పీల్చినా ఏమీ కాదని షాపాయన చెప్పాడు. తెచ్చి మామగారి చేతిలో పెట్టాను.

"ఇది మీది. తనిఖీ చెయ్యండి."

ఆయన మొహం వెలిగిపోయింది. యంత్రం పెట్టుకుని, మాస్కు తగిలించుకుని, మనవడి ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. యంత్రం గుర్రుమంది. ముక్కు చుట్టూ పొగ. ఆయన కళ్లు మూసుకుని పీల్చారు, ఒక కన్ను తెరిచి చూశారు, మళ్లీ మూశారు. బుడ్డోడు ఏడుపు ఆపి దగ్గరికి జరిగాడు. పూర్తిగా పది నిమిషాలయ్యాక ఆయన మాస్కు తీసి, "పాస్" అన్నారు. రెండు మాస్కుల పట్టీల మీదా టిక్కు పెట్టారు. బుడ్డోడు తన మాస్కుని తనే లాక్కుని ముక్కుకి బదులు ముందు నుదుటికి పెట్టుకున్నాడు. నేను కిందికి జరిపితే కాదనలేదు. నా ఒళ్లో కూర్చుని, మందంతా పీల్చి, మాస్కులోంచే "పాచ్" అన్నాడు.

ఆదివారం డాక్టరు ఛాతీ విని, ఆసుపత్రి అక్కర్లేదు, ఇలాగే ఇంకో వారం పట్టండి చాలన్నారు. ఆ వారమంతా తాతా మనవడూ ఎదురెదురుగా మాస్కులు పెట్టుకుని కూర్చునేవాళ్లు. మనవడికి దగ్గు తగ్గింది. బాల్కనీ తనిఖీ పుణ్యమా అని తాతకి జలుబు పట్టుకుంది. ఈసారి ఆయన మింగే ప్రతి మాత్ర ముందూ నేను గ్లాసులో నీళ్ల వేడి చూసి పాస్ అన్నాను.

సోమవారం వచ్చింది. బుడ్డోడు అత్తగారి చంకలో పిట్టల్ని చూస్తున్నాడు, రెండు టోపీలతో. నేను కొత్త బూట్ల దగ్గర కూర్చుని, కొరుకుడికి సిద్ధపడి, పళ్లు బిగించి కాలు పెట్టాను. కొరకలేదు. రెండో కాలు పెట్టాను, అదీ కొరకలేదు. మడమ దగ్గర తోలు మెత్తబడింది.

మెట్లు దిగుతుంటే మేడమీద మాస్టారు ఎదురయ్యారు. ఆయన గొంతు తగ్గించి, "మీ మామగారు ఈ వారమంతా రోజూ పొద్దున్నే ఆడవాళ్ల బూట్లలో కాళ్లు సగం దూర్చుకుని, తుమ్ముకుంటూ, ఈ మెట్లు ఎక్కి దిగుతున్నారమ్మా. ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగారు.

బాగానే ఉందండీ అని చెప్పి, వీధిలోకి వచ్చాక గోడ పట్టుకుని ఒక కాలు ఎత్తి చూశాను. అరుగుతుందని కాబోలు అడుగున పెట్టకుండా, మడమకీ అడుగుకీ మధ్య ఉన్న వంపులో పెట్టారు, నీలం టిక్కు. నేను ఒంటికాలి మీద నిలబడి నవ్వుతుంటే నా టైంటేబులు ప్రకారం వచ్చిన బస్సు నా ముందే వెళ్లిపోయింది. పోతే పోయింది, ఇంకోటి పదకొండు నిమిషాల్లో ఉంటుందని నాకు తెలుసు.