నొప్పికి అత్తయ్య వేసిన మార్కులు

లెక్కకు లొంగనిది లోకంలో ఏదీ లేదని నమ్మే వయసొకటి చాలామందికి వస్తుంది. నాకది ఇరవై రెండో ఏట వచ్చి, చుట్టపుచూపుగా వచ్చిన బంధువులా చాలాకాలం ఉండిపోయింది. డిగ్రీలో ఒక్క లెక్కల్లోనే తప్పి (తక్కినవన్నీ పాసయ్యాను, నమ్మండి), ఆ కసితో ఒక ఆదివారం ఫుట్‌పాత్ మీద సంఖ్యాశాస్త్రం పుస్తకం కొన్నాను. దానికి ముందు పేజీలు లేవు. మూడో అధ్యాయం నుంచి మొదలుపెట్టి ఎవరి సాయమూ లేకుండా నేర్చేసుకున్నాను. పోయిన ఆ రెండు అధ్యాయాల్లో మనుషుల్ని ప్రశ్న ఎలా అడగాలో రాసి ఉంటుందని చాలా ఏళ్ల తరవాత ఎవరో చెప్పారు. ఆ రోజుల్లో మాత్రం ఆ లోటు నాకు తెలియలేదు. బన్సీలాల్‌పేట్‌లోని మా ఇంటి నుంచి బస్‌స్టాపు దాకా ఎదురయ్యే కుక్కల సగటు కట్టుకుంటూ, దాన్ని అన్నం దగ్గర అందరికీ చెబుతూ సంతోషంగా బతికేవాణ్ణి.

అలాంటి నాకు రాంగోపాల్‌పేట్‌లో కీళ్లవ్యాధుల డాక్టరమ్మ ఒకావిడ పని ఇచ్చారు. ఆవిడ ఫైబ్రోమయాల్జియా మీద పరిశోధన చేస్తున్నారు. ఆ జబ్బులో ఒళ్లంతా నొప్పి. ఎంత పడుకున్నా నిద్రపోనట్టే అలసట. ల్యూపస్, కీళ్లవాతం లాంటివి రక్తంలోనో ఎక్స్‌రేలోనో ఏదో ఒక ఆనవాలు వదులుతాయట. ఇది మాత్రం అడుగుజాడ కూడా వదలని దొంగ. ఈ జబ్బున్నవాళ్లకు కొన్ని నెలలపాటు నెమ్మదైన వ్యాయామం నేర్పిస్తే ఎంత మేలు జరుగుతుందో చూడాలన్నది ఆవిడ ఉద్దేశం. తరగతిలో చేరాలంటే గడిచిన వారంలో నొప్పి పదికి కనీసం నాలుగు ఉండాలి. ఆ అంకె అడిగి రాసుకురావడం నా ఉద్యోగం. నాకోసమే పుట్టిన ఉద్యోగమనుకున్నాను.

ఈ పని మీద నాకు ఇంకో ఆశ కూడా ఉండేది. మా మేనత్త మా ఇంట్లోనే ఉండేది. చిన్న తరగతుల టీచరు. రెండేళ్లుగా ఒళ్లునొప్పులతో కుడిచెయ్యి పైకి లేవక, బోర్డు మీద కింది సగంలోనే రాసేది. వేసవి సెలవుల తరవాత కూడా ఇలాగే ఉంటే క్లాసు ఇంకొకరికిచ్చి ఆఫీసు గదిలో కూర్చోబెడతానని హెడ్మిస్ట్రెస్ చెప్పేసింది. పిల్లలు లేని గదిలో కూర్చోవడమంటే అత్తయ్యకు దేశబహిష్కారమే. డాక్టరమ్మ పరీక్షించి ఇది ఫైబ్రోమయాల్జియానే అన్నారు గానీ, ఇంట్లో మాత్రం నమ్మకం కుదరలేదు. మా అమ్మది సికింద్రాబాద్ పుట్టుక, నోరు కాస్త సూటి. "రిపోర్టుల ఏం లేదన్నరు గద వదినా, మరి నొప్పి ఏడికెల్లి వస్తున్నది?" అనేది. అత్తయ్య గుంటూరు మనిషి. "ఏమో వదినా, అడ్రసు చెప్పలేదు," అని ఊరుకునేది. ఎలాగైనా అత్తయ్యను ఆ తరగతిలో చేర్పించాలని నా పట్టుదల.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్లే ఆడవాళ్లలో సగం మంది మా చర్చి స్త్రీల సమాజంలోనే ఉన్నారు. ఒక్కొక్కరి ఇంటికీ ఎక్కడ తిరుగుతాం? గురువారం మధ్యాహ్నం కూటానికి వెళ్లి, హాలు మధ్యలో నిలబడి అందరినీ ఒకేసారి అడిగితే టీ వచ్చేలోపు పని అయిపోతుందని లెక్క వేశాను. టక్ చేసుకుని వెళ్లి గొంతు సవరించుకున్నాను. సున్నా అంటే నొప్పి లేనట్టు, పది అంటే ఇంతకు మించి ఊహించలేనట్టు అని వివరించి, ముందు వరసలోని నేరేడ్‌మెట్ ఆంటీని అడిగాను.

"అయిదు రాసుకో బాబూ," అందావిడ.

పక్కన రాంగోపాల్‌పేట్ ఆంటీ ఉంది. క్రిస్మస్ కేకు ఎవరు చెయ్యాలన్న విషయంలో వాళ్లిద్దరికీ అప్పటికి చాలాకాలంగా పడటం లేదు.

"ఆమెకు అయిదైతే నాకు ఏడు. ఆమెకు పనిమనిషి ఉన్నది, నాకు లేదు."

"పనిమనిషి ఉంటే నొప్పి ఉండదా? నాది ఎనిమిది చెయ్యి బాబూ."

"నాది తొమ్మిదిన్నర."

"అరలు లేవు ఆంటీ," అన్నాను.

"ఎందుకు లేవు? నొప్పి నాది, అర సుత నాదే. రాయి."

వెనక వరసలోంచి హార్మోనియం ఆంటీ (హార్మోనియం వాయించేది వాళ్లాయన, పేరు మాత్రం ఈవిడకు వచ్చింది) పన్నెండు రాసుకోమంది. పది దాకే ఉందన్నాను. "పదేనా? గంతే సాంక్షన్ అయిందా మీకు?" అని జాలిగా చూసింది. ఈ సందడిలో అత్తయ్య వంతు వచ్చింది. ఆవిడ చేతిసంచి సర్దుకుంటూ, "రెండు," అంది. నా పెన్ను ఆగిపోయింది.

అంతలో ముగింపు ప్రార్థనకు అయ్యగారు వచ్చారు (పాస్టరుగారిని మేమలాగే పిలుస్తాం). అందరూ లేచి వందనాలు చెప్పారు. ఆరోగ్యాలు ఎలా ఉన్నాయమ్మా అని ఆయన అడిగారు. అయ్యగారి ముందు ఒంట్లో బాగాలేదనడం మావాళ్లలో విశ్వాసం తక్కువైనవాళ్లు చేసే పని. "ప్రభువు కృప వల్ల ఏ లోటూ లేదు అయ్యగారూ," అన్నారంతా ఒక్క గొంతుతో. నేరేడ్‌మెట్ ఆంటీ నావైపు వంగి, "బాబూ, నాది సున్నా చేసెయ్," అంది. రాంగోపాల్‌పేట్ ఆంటీ సున్నాకంటే కింద ఏమైనా ఉందా అని ఆలోచించి, లేదని తెలుసుకుని తనూ సున్నాకే ఒప్పుకుంది. వరసలు వరసలుగా నొప్పులు మాయమయ్యాయి. అత్తయ్య ఒక్కతే రెండు దగ్గర నిలబడింది. ప్రార్థన అయ్యాక అయ్యగారు నా పక్క కుర్చీలో కూర్చుని మోకాలు రాసుకుంటూ, ఎవరూ వినకుండా, "మగవాళ్లవి కూడా రాసుకుంటావా నాయనా? నాదో ఆరు ఉంటుంది," అన్నారు.

కొట్టివేతలతో నిండిన ఆ కాగితాలు చూసి డాక్టరమ్మ కళ్లద్దాలు తీసేశారు.

"ఇది నొప్పుల సర్వేనా, వేలంపాటా? ఒక్కొక్కరినీ విడిగా, ఇంకొకరి చెవిన పడకుండా అడగాలయ్యా. మళ్లీ వెళ్లు. తరగతిలో చోట్లు కొన్నే ఉన్నాయి, వచ్చే వారం శనివారంతో సరి."

పై గురువారం చర్చి వెనకున్న సామాన్ల గది అడిగి తీసుకున్నాను. క్రిస్మస్ నాటకం సామగ్రి అంతా అందులోనే ఉంటుంది. నెత్తి మీద పెద్ద కాగితం నక్షత్రం, ఒక పక్క గొల్లల చేతికర్రలు, మరో పక్క చెవి విరిగిన సున్నపు గొర్రెపిల్ల. మధ్యలో నేను. మొదట వచ్చిన నేరేడ్‌మెట్ ఆంటీ చుట్టూ చూసి, "మనం ప్రొటెస్టెంట్లం కదా బాబూ, కేథలిక్కుల్లా పాపాలు చెప్పుకునే ఈ ఒప్పుకోలు గది ఎక్కణ్ణుంచి వచ్చింది?" అంది. కూర్చుని కాసేపు గొర్రెపిల్లను చూసి, "ఆరు," అంది మెల్లగా. తరవాత రాంగోపాల్‌పేట్ ఆంటీ వచ్చి తనూ ఆరే చెప్పింది.

"ఆమె ఎంత చెప్పింది?"

"చెప్పకూడదు ఆంటీ."

"నంబరు వద్దు తియ్యి. నాకంటె తక్కువనా, కాదా, గంత చెప్పు చాలు."

చివరగా అత్తయ్య వచ్చింది. కుర్చీలో కూర్చోవడానికే బల్ల పట్టుకుంది.

"రెండు."

"ఎవరూ వినట్లేదు అత్తయ్యా. నిజం చెప్పు."

"నేనెప్పుడైనా అబద్ధం చెప్పానా? రెండంటే రెండే."

"పొద్దున దువ్వెన పట్టుకోలేకపోయావు."

"పట్టుకోలేకపోయాను. అందుకేగా రెండు." నాకేమీ అర్థం కాలేదని గ్రహించి, మందబుద్ధి పిల్లవాడికి చెప్పినట్టు ఓపికగా చెప్పింది. "ఒరే నాన్నా, నా సర్వీసులో పదికి ఏడు దాటి ఎవరికీ వెయ్యలేదు. అదీ దస్తూరీ ముత్యాల్లా ఉంటేనే. ఈ నొప్పి నాకేం ఉద్ధరించిందని మార్కులు వెయ్యను? సున్నాయే పెట్టాలి. ఎంత మొద్దయినా మరీ సున్నా పెట్టడం నాకలవాటు లేక రెండు వేశాను."

నేను వెంటనే పదిలోంచి రెండు తీసేసి ఎనిమిది తెచ్చుకుని, పరుగున వెళ్లి డాక్టరమ్మకు చెప్పాను. ఆవిడ నవ్వలేదు. "నీ తీసివేత నాకొద్దు. అంకె ఆవిడ నోటి నుంచి రావాలి. ఒక్కచోటు మిగిలింది, శనివారం దాకా ఉంచుతాను," అన్నారు.

ఆ రెండు రోజులూ నేను పడని పాట్లు లేవు. రూపాయికి పదహారణాల్లో చెప్పమన్నాను. అణాలు తన చిన్నప్పటికే పోయాయంది. బకెట్టులో నీళ్లు పోసి, నొప్పి ఎందాకా ఉందో చూపించమన్నాను. నీళ్లు వృథా చేశావని తిట్టింది. ఆఖరికి చెయ్యి చాపి, "నీ నొప్పి ఎంతుందో అంత గట్టిగా నన్ను గిల్లు," అన్నాను. అత్తయ్య రెండు వేళ్లు నా చేతి మీద పెట్టి కాసేపు ప్రయత్నించి తీసేసింది. "గిల్లే ఓపికుంటే ఇదంతా ఎందుకురా," అంది.

వంటింట్లో పిండి జల్లిస్తూ ఇదంతా వింటున్న అమ్మకు విసుగొచ్చింది.

"మీ ఇద్దరికి వేరే పని లేదా? జరమొస్తే మంచి జరమా, చెడ్డ జరమా అని మార్కులేస్తమా? ఎంతున్నదో చూస్తం, అంతే. గిది సుత గంతే గద. ఎంతున్నదో చెప్పరాదు వదినా."

అత్తయ్య అమ్మవైపు ఆశ్చర్యంగా చూసింది. "కొలతా? మార్కులు కాదా?" నావైపు తిరిగి, "ఆ మాట మొదటే చెప్పొద్దూ? కొలతైతే ఎనిమిది. తెల్లవారుజామున తొమ్మిది ఉంటుంది," అంది, పాలవాడికి రేపెన్ని ప్యాకెట్లు కావాలో చెప్పినంత మామూలుగా.

అమ్మ చేతిలో జల్లెడ ఆగిపోయింది.

"గంత నొప్పితోటి నిన్న నా చీరలన్ని ఇస్త్రీ చేసినవా?"

"చెయ్యమన్నావు కదా."

అమ్మ జల్లెడ పక్కన పెట్టి, మూత రాక అత్తయ్య పొద్దుటి నుంచీ కుస్తీ పడుతున్న కుక్కరు తీసుకుని, ఒక్క తిప్పు తిప్పి తెరిచింది. మర్నాడు క్లినిక్‌కు అత్తయ్యను ఆటోలో తీసుకెళ్లింది కూడా అమ్మే. డాక్టరమ్మ అడగ్గానే అత్తయ్య ఎనిమిది అంది. "తెల్లారగట్ల తొమ్మిది, అది సుత రాయండ్రి," అంది అమ్మ పక్కనుంచి.

తరగతికి ప్రతిసారీ తోడు వెళ్లి, జబ్బేమీ లేని అమ్మ కూడా వెనక నిలబడి చేతులు ఊపేది. ముందు వరసలో నేరేడ్‌మెట్, రాంగోపాల్‌పేట్ ఆంటీలు ఒకరికంటే ఒకరు ఎత్తుగా చేతులు లేపబోయి, నెమ్మదిగా చెయ్యండమ్మా అని డాక్టరమ్మతో చీవాట్లు తినేవారు. నొప్పి పూర్తిగా పోలేదు, పోతుందని ఎవరూ మాట ఇవ్వలేదు కూడా. ఎనిమిది అయిదుకు దిగేది, ముసురు పట్టినప్పుడో నిద్ర చెడినప్పుడో మళ్లీ ఏడుకు ఎక్కేది. కానీ బడి తెరిచిన రోజున అత్తయ్య బోర్డు పైఅంచున తారీకు వేసింది. అంకెలు కాస్త వంకరగా వచ్చాయట. సాయంత్రం దాకా దాన్ని ఎవరినీ తుడవనివ్వలేదు. మర్నాడు కొత్త తారీకు వెయ్యడానికి తనే తుడిచింది. క్లాసు ఆవిడ దగ్గరే ఉంది, రిటైరయ్యేదాకా.

ఇప్పటికీ వారానికి మూడు రోజులు ఆ వ్యాయామానికి వెళ్తుంది. స్కూటరు మీద దింపేది నేను. ఆవిడ మెట్లెక్కి లోపలికి పోతే, నేను గేటు దగ్గర బెంచీ మీద కూర్చుంటాను. అలా కూర్చున్నప్పుడు ఒక్కోసారి, ఆడవాళ్ల కష్టాలన్నీ టీ వచ్చేలోపు రాసుకుపోదామని హాలు మధ్యలో పెన్నెత్తి నిలబడ్డ ఆ కుర్రాడు గుర్తొస్తాడు. వాడి భుజం మీద చెయ్యి వేసి, కూర్చో బాబూ, దీనికి టైము పడుతుంది అని చెప్పాలనిపిస్తుంది. వాడు కూర్చోడు. సగటున ఎన్ని నిమిషాలు పడుతుందో చెప్పమంటాడు.