కార్డు వెనక వైపు

మా సండే స్కూలు టీచరమ్మ ఇక లేదన్న కబురు నాకు ఆత్మకూరు నుంచి మా అక్క ఫోన్ చేసి చెప్పింది. అక్క నాతో మాట్లాడి మూడేళ్లయింది. ఆ వార్తకు ఏడ్చానో, ఆ గొంతు విని ఏడ్చానో ఇప్పటికీ చెప్పలేను. టీచరమ్మ ఈ అయిదు నెలలూ ఆత్మకూరులో కూతురి దగ్గర, మా అక్క వాళ్ల వీధిలోనే ఉండింది. "నిద్దట్లోనే పోయింది. నువ్వు రా," అంది అక్క.

ఉదయగిరిలో మా తరానికి బైబిలు ఆమె నోటి నుంచే వచ్చింది. చేతిసంచిలో ఎప్పుడూ వేయించిన శనక్కాయలుండేవి. జవాబు సరిగా చెబితే రెండు, తప్పు చెబితే నాలుగు. తప్పు చెప్పడానికి ఎక్కువ ధైర్యం కావాలనేది. నేను బాగా తిన్నాను.

నోవహు పాఠం రోజు, మన ఊళ్లో వానలే సరిగా పడవు కదా, మళ్లీ జలప్రళయం రాదని దేవుడు మాటిస్తే మనకేం లాభమని అడిగాను. ఆమె కడుపు పట్టుకుని నవ్వింది. ఆ తర్వాత చెప్పిన మాట మాత్రం నేను మరిచిపోలేదు.

"మబ్బులో ఇంద్రధనుస్సు పెట్టింది మన కోసరం కాదు. అది చూసి తానే గుర్తు చేసుకుంటానన్నాడు. మాట ఇచ్చినోళ్లే గుర్తు పెట్టుకోవాల."

కొత్త సంవత్సరం ఉదయం ఆరాధన అయ్యాక, అందరూ బుట్టలో చెయ్యి పెట్టి తలా ఒక వాగ్దాన కార్డు తీసుకోవడం మా చర్చిలో ఆనవాయితీ. అచ్చు కార్డులు ఆమెకు నచ్చవు. తెల్ల అట్టలు కత్తిరించి తనే రాసేది. ముందు వైపు దేవుడి వాగ్దానం, వెనక వైపు మన వంతు పని. 'అత్త చేసిన కూరకు వంక పెట్టవద్దు' అని ఒకటి. 'ప్రార్థన కొంచెం కురచ చెయ్యి' అన్నది ఒక ఏడు పాస్టరుగారికే వచ్చింది. జనం ముందు వైపు చూసి మురిసిపోయి, వెనక వైపు గోడకు అంటించేసేవాళ్లు. వాగ్దానం ఆయన ఒక్కడే చేస్తాడు గానీ నిబంధనలో, అంటే ఆ ఒప్పందంలో, నడవాలంటే ఇద్దరుండాలని ఆమె పోరు.

మా అక్కకూ నాకూ చెడింది అమ్మ జ్ఞాపకార్థ కూడిక దగ్గర. అక్క వేయించిన ఆహ్వానంలో మా ఆయన పేరు లేదు. మరిచిపోయానంది. నేను నమ్మలేదు.

ఈ ఏడు నాకొచ్చిన కార్డు ముందు వైపు, తోడుగా ఉంటానన్న మాట. వెనక, 'మాట్లాడని వాళ్లతో ముందు నువ్వే మాట్లాడు.' దాన్ని మెల్లిగా బుట్టలో వేసేసి ఇంకోటి తీసుకున్నాను. సాయంత్రం టీచరమ్మ ఇంటికొచ్చి, టీ తాగి, ఆ కార్డు నా చేతిలో పెట్టింది. "ఇది నీదే," అంది. సిగ్గేసి, ఈస్టరు లోపల అక్క దగ్గరికి పోతానని మాటిచ్చాను.

ఈస్టరు దాటిపోయింది. టీచరమ్మ ఫోన్లో నా మోకాలి నొప్పి అడిగేది, కోళ్లను అడిగేది, అది మాత్రం అడగలేదు. ఎందుకు అడగలేదో నాకు తెలుసు. ఆమె ఉండగా నా మాట నిలబెట్టుకోలేకపోయాను. ఆ బాధ ఉంది.

సమాధి కార్యక్రమం అయ్యాక అక్క నన్ను ఇంటికి తీసుకుపోయింది. గోడ మీది కార్డు ఊడదీసి వెనక్కి తిప్పి చూపించింది. అదే చేతిరాత, అదే వాక్యం. కార్డుకో మాట రాసే మనిషి, ఆ ఒక్క మాటా రెండు కార్డుల మీద రాసింది.

"ఊరి నుంచి వచ్చిన వారమే నా చేతిలో పెట్టింది," అంది అక్క. "రోజూ చూస్తానే ఉండా. ఫోన్ చేసేదానికి మనసు రాలా."

నేను సంచిలోంచి నాది తీశాను. ఇద్దరం ఏడ్చి, ఆ తర్వాత పడీ పడీ నవ్వాం.

"ముందు మాట్లాడింది నేనే. అది గుర్తు పెట్టుకో," అంది అక్క.

ఇప్పుడు మా రెండిళ్లలోనూ ఆ కార్డుల వెనక వైపే బయటికి కనిపిస్తోంది. దేవుడు ఏం మాటిచ్చాడో చూద్దామని వచ్చినవాళ్లు, ముందు మా పని చదివి, ఆ తర్వాత కార్డు తిప్పుతున్నారు.