జానెడు ఎత్తులో పుదుచ్చేరి

2023 చలికాలం. ఇస్నాపూర్‌లో నాది బ్యాగుల రిపేరు కొట్టు. బీకాం చదివి బ్యాగులు కుట్టడమేమిటని అడిగేవాళ్లకు, రెండూ బ గుణింతమేనని చెబుతుంటాను.

ఒక మధ్యాహ్నం పక్క ఊరు చిట్కుల్ నుంచి మల్లయ్యన్న, ఆయన భార్య సుశీలక్క వచ్చారు. అన్న ఫ్యాక్టరీలో రిగ్గర్. అంటే క్రేన్ కొక్కేనికి బరువులు కట్టి లేపించే మనిషి. వీపుకు తగిలించుకునే పెద్ద బ్యాగు తెచ్చాడు. పట్టీ ఒకటి ఊడింది. మర్నాడు పొద్దున్నే రైలు. పుదుచ్చేరిలో ఫ్రెంచివాళ్ల కాలంనాటి వీధులు, ఆ పక్కన ఊసుడు చెరువు చూడాలని ఏడాదిగా అనుకుంటున్నారట.

"సూట్‌కేసు తీసుకెళ్లొచ్చుగా అన్నా?" అన్నాను.

"చేతులు ఖాళీ ఉండాలె తమ్మీ. మోకాలు ఆపరేషనైనంక ఈమె ఊరు దాటుడు ఇదే ఫస్టు. పట్టుకోకుంటే నడవది."

"నేను నడుస్త. ఆయనకే భయం," అంది అక్క.

పట్టీ ఊడకుండా ఒకేచోట దగ్గరదగ్గరగా వేసే కుట్టును బార్‌టాక్ అంటాం. ఒక్క వరస చాలు. మోకాలి సంగతి విన్నాక నేను ఆరు వేశాను. "లైఫ్ గ్యారంటీ అన్నా" అని కూడా అన్నాను. ఎవరి లైఫో చెప్పలేదు.

అన్న నమ్మలేదు. రిగ్గర్లు ఏ బరువునైనా ముందు జానెడు లేపి, ఆపి, చూస్తారు. దాని పేరు ట్రయల్ లిఫ్ట్. బ్యాగులో నా ఇస్త్రీపెట్టె, గుమ్మం దగ్గరి ఇటుకలు నింపి, ఆ పట్టీతోనే కొట్లో ఉన్న కొక్కేనికి, నేలకు జానెడు ఎత్తున వేలాడదీశాడు.

"జరుగుండ్రి. బరువు కింద ఎవ్వలు నిలవడొద్దు."

"జానెడు మీదికెళ్లి పడితే ఎవలు సస్తరయ్యా?" అంది అక్క. అలా అంటూనే పక్కకు జరిగింది. కొట్టు నాదే అయినా నేనూ జరిగాను.

రెండో నిమిషంలో పట్టీ పర్రున చిరిగింది, సరిగ్గా నా కుట్ల వెంబడే. అన్నిసార్లు సూది దిగేసరికి అది తపాలాబిళ్ల అంచులా తయారైంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"ఈడనే తెగింది, మంచిగైంది," అన్నాడు అన్న. "ఆ చెరువు గట్టు మీద తెగితే బ్యాగును పట్టాల్నా, ఈమెను పట్టాల్నా?"

"బ్యాగునే పడ్తవు. నాకెర్కలేదా?" అంది అక్క.

కొత్త పట్టీ వేసి, బార్‌టాక్ ఒక్క వరసే కుట్టాను. అవే ఇటుకలు పావుగంట వేలాడాయి. అన్న ఇటుకలు తీసేసి, బ్యాగు వీపుకు తగిలించుకున్నాడు. ఆయన భాషలో అది సర్టిఫికెట్.

నాలుగోనాడు నా ఫోనుకు రెండు ఫొటోలు వచ్చాయి. ఒకదాంట్లో పసుపు గోడల వీధి. ఎవరో తీసిపెట్టిన రెండోదాంట్లో చెరువు గట్టు. అన్న వీపు మీద బ్యాగు, ముందుకు చాచిన రెండు ఖాళీ చేతులు. అక్క పది అడుగుల ముందు కొంగల్ని చూస్తూ నడుస్తోంది. కింద వాయిస్ మెసేజీలో అన్న గొంతు: "బ్యాగు మంచిగుంది తమ్మీ. ఈమెనే చెయ్యి పట్టనిస్తలేదు."

ఇప్పుడు ఎవరి కష్టం విన్నా ఒక్క వరసే కుడతాను. ఇటుకలు తగిలిస్తాను. తర్వాత పక్కకు జరుగుతాను.