రిమ్ముకు పూసిన నూనె

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికన్నా గారాబం మా నాయన సైకిల్‌కే. రోజూ తెల్లారకముందే తిరువాలంగాడు స్టేషన్‌దాకా దానిమీద పోయి, రైలెక్కి తిరువళ్ళూరులో పనికి పోయేవాడు.

ఆ ఏడు ఆయుధ పూజకు ముందు ఆయన, “వానలొస్తే అంతా తుప్పు పట్టిపోతాది” అని ఊరికే అన్నాడు. నేను ఆ మాట పట్టుకున్నాను. నాకప్పుడు తొమ్మిదేళ్లు. పూజకు సైకిల్‌ను కడిగి బొట్టు పెట్టే పని నాది. దీపాలకు ఉంచిన నువ్వుల నూనె తెచ్చి, హ్యాండిల్ నుంచి చక్రాల రిమ్ములదాకా దట్టంగా పూసేశాను. మా నాయన చూసి, “పెండ్లికొడుకు మాదిరి ఉండాదే!” అని మురిసిపోయాడు.

మర్నాడు రైలు గేటు దిగుడులో బ్రేకు పట్టలేదు. మూసిన గేటుకు కొట్టుకుని పడ్డాడు. కాలు విరిగింది.

సైకిల్ బాగుచేయడానికి మా మామ వచ్చాడు. అమ్మకు తమ్ముడు, తిరుత్తణిలో సైకిల్ కొట్టు ఉండేది. “ఏమే పాపా, దీనికి తలంటు పోసినావా?” అని నవ్వాడు. రిమ్ము మీద వేలు పెట్టి వాసన చూసి నవ్వు ఆపేశాడు. అంతలో అమ్మ వచ్చి, బ్రేకు ఎందుకు పట్టలేదని అడిగింది.

“రబ్బర్లు అరిగిపోయినాయక్కా. నేను చూసుండాల, చూడలా.”

అమ్మ ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టింది. తల వంచుకుని అన్ని మాటలూ పడ్డాడు. నేను పక్కనే నిలబడి విన్నాను.

అమ్మ లోపలికి పోయాక నాచేత రిమ్ములు సబ్బు నీళ్లతో కడిగించి ఆరబెట్టించాడు. చెయిన్‌కు పట్టిన మన్నును కిరసనాయిలు గుడ్డతో తీయించాడు. “నూనె చెయిన్‌కే, చుక్క చుక్కగా. మిగిలింది తుడిచెయ్, లేకుంటే దుమ్మంతా దానికే అంటుకుంటాది. రిమ్ము బ్రేకు పట్టుకునే చోటు, ఆడ చుక్క కూడా పడగూడదు.” అంతే. ఒక్క మాట తిట్టలేదు.

నాయన మళ్ళీ సైకిల్ ఎక్కలేదు. కాలు ఈడ్చుకుంటూ నడిచేవాడు. అయినా దాన్ని తుప్పు పట్టనివ్వద్దని నాకే అప్పజెప్పాడు. వారం వారం నేను నూనె వేస్తుంటే నా వెనక గడపలో కూర్చుని చూసేవాడు. తెలిసి చూసేవాడో, తెలియకో. చెబుదామని ఎన్నిసార్లు నోరు తెరిచానో.

ఆయన పోయాడు, మామ పోయాడు. నా మొగుడికి కూడా చెప్పలేదు, ఆయనా పోయాడు. ఇప్పటికీ ఇంట్లో ఏ సైకిల్‌కైనా నూనె నేనే వేస్తాను. వేస్తున్నంతసేపూ వెనక ఎవరో కూర్చుని ఉన్నట్టే ఉంటుంది. తిరిగి చూడను.

“నేనే నాయనా, నేనే పూసినా” అంటాను.