గోడ వెనక దగ్గినవాడు

మా జహీరాబాద్‌లో దయ్యం పట్టిందంటూ ఎవరన్నా తాయెత్తు కట్టబోతే, ముందు గొడవకు దిగేది నేనే. బడికి పోలేదు. బీదర్ రోడ్డు మీద నా సైకిల్ దుకాణంలో కూర్చుని పాత పేపర్లలో అక్షరాలు నేర్చుకున్నాను. కంటికి కనబడని క్రిమిని నమ్ముతాను, దానికి పరీక్ష ఉంది. దయ్యానికి లేదు.

నా కోడలు సుజాతకు టీబీ. రెండు నెలలు నా ఎదుటే గోలీలు మింగింది. దగ్గు తగ్గలేదు, మనిషి సగమైంది. గోలీలిచ్చే ఆమె పదిమందిలో అడిగింది: "మింగుతున్నవా, మోరీల పారేస్తున్నవా?"

"నా ముందల్నే మింగుతది. నేనేమన్న గుడ్డోన్నా?" అని లేచాను.

గోలీలు పారేస్తున్నారన్న ఆ నింద నాకు పాతదే. నా తమ్ముడు నర్సింలును కూడా ఒక కాంపౌండర్ ఇలాగే అన్నాడు. ఊరంతా నమ్మింది, మా అమ్మతో సహా. వాడు అదే జబ్బుతో పోయాక ఇంట్లో వాడి పేరెత్తడం మానేశాం. ఫోటో కూడా లేదు.

ఇప్పుడు దవాఖానలో మిషన్ ఉంది. క్రిమి మామూలు మందుకు లొంగుతుందో లేదో రెండు గంటల్లో చెబుతుంది. కానీ దానికి కఫం కావాలి. మామ దగ్గర్లో ఉంటే కాండ్రించి ఉమ్మడానికి కోడలికి సిగ్గు. మొదటిసారి ఒట్టి ఉమ్మి ఇచ్చింది, మిషన్ ఏమీ తేల్చలేదు. మళ్లీ అలాగే అయితే మళ్లీ అవే గోలీలు. అన్ని రోజులు ఆమె బతకదని చూస్తేనే తెలుస్తోంది.

రెండోసారి కఫం ఇవ్వాల్సిన పొద్దున ఆమెను డబ్బాతో దవాఖాన వెనక గోడ దగ్గరికి పంపి, నేను మలుపులో అటు తిరిగి నిలబడ్డాను. నన్ను దాటకుండా అటు ఎవరూ పోలేరు. మంచి ఎండ.

దగ్గు వినబడింది. మగ దగ్గు. రెండు పొట్టివి, ఒకటి పొడుగు, చివర మూలుగు. ఆ దగ్గు పక్కన ఎన్ని రాత్రులు పడుకున్నానో నాకు తెలుసు.

తర్వాత సుజాత దగ్గు. తొంగి చూశాను. ఒక్కతే ఉంది. ఎడమ పక్కటెముకల మీద అరచెయ్యి ఒత్తిపట్టి దగ్గుతోంది. నర్సింలు అట్లాగే దగ్గేవాడు.

డబ్బాలో చిక్కటి కఫం.

"గట్ల ఒత్తుమని ఎవలు చెప్పిన్రు బిడ్డా?"

"గాయన్నే మామా. గీడ కూసున్నడు గద. అచ్చం నీ ముక్కే, గాని నీ అంత కోపం లేదు." నవ్వుతూ వెనక్కి తిరిగింది. నవ్వు ఆగిపోయింది. ఆ గోడకు తలుపు లేదు, ఎక్కడానికి మెట్టు లేదు.

మధ్యాహ్నానికి తేలింది: క్రిమి ఆ మందుకు లొంగని రకం. మందులు మార్చారు. ఇప్పుడు సుజాత కడుపునిండా తింటోంది.

ఆ రోజు తిరిగొస్తుంటే ఆటోలో మెల్లగా చెప్పింది. గోడ దగ్గర కూర్చున్న ఆయన వెళ్లిపోయేముందు ఇంకో మాట అన్నాడట: "మింగలేదంటరు బిడ్డా, ఫికర్ చెయ్యకు. నేను గూడ మింగిన."

నర్సింలు సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేనైతే చెప్పలేదు. కోడలి మాట నిజమని మిషన్ తేల్చింది. ఆ గోడ దగ్గర కూర్చున్నదెవరో తేల్చే పరీక్ష నాకు ఇప్పటికీ దొరకలేదు.