లినక్స్ వేశాను, పాట పోయింది

కంచరపాలెంలో మా ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో మూలనపడ్డ కంప్యూటర్లకు ఉచితంగా దొరికే లినక్స్ వేశాక అవి మళ్లీ పరుగెత్తుతున్నాయి. అప్పటినుంచి నా చేతులు ఊరుకోవడం లేదు. ఈ రోజు సెలవు కావడంతో పొద్దున్నే ఇంట్లో లాప్‌టాప్ మీద పడ్డాను. విండోస్ మొత్తం తీసేసి, లినక్స్ వేసి, గొప్పగా మా ఆవిడ చేతికిచ్చాను.

తను చర్చిలో క్వయర్ నడుపుతుంది. సాయంత్రం ప్రాక్టీసులో అందరికీ పంచాల్సిన పాట పెన్‌డ్రైవ్‌లో ఉంది. తెరిస్తే తెలుగు అక్షరాలకు బదులు పిచ్చి గుర్తులు వచ్చాయి. ఎప్పుడో పాత తెలుగు ఫాంటులో కొట్టిన పాట అది. ఆ ఫాంటు విండోస్‌తో పాటే పోయింది.

"ఏటండీ ఇది? దేవుడి పాట తెరిస్తే బూతులు తిట్టినట్టుందేటి?"

"ఆగు, సూత్తన్నాను కదా!" అన్నాను. దొరికిన ఫాంటల్లా వేసి చూశాను. లేచాను, కూర్చున్నాను, మళ్లీ లేచాను. గుర్తులు మారాయే తప్ప అక్షరాలు రాలేదు. ప్రాక్టీసు టైమ్ దగ్గరపడింది.

చివరికి మా ఆవిడ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. "ఇక ఎతకడం ఆపండి. నాను పాడతాను, మీరు కొట్టండి."

తను ఒక్కో చరణం నెమ్మదిగా పాడుతుంటే నేను ఏ కంప్యూటర్లోనైనా తెలుగు చెడకుండా కనిపించే యూనికోడ్‌లో టైపు చేశాను. అందరి గొంతుల మధ్య వినడమే కానీ, తన గొంతు ఒక్కటే ఇంత దగ్గరగా ఎప్పుడూ వినలేదు. రెండుసార్లు వినపడనట్టు నటించి మళ్లీ పాడించుకున్నాను.

ప్రింట్లు సమయానికే చర్చికి చేరాయి. పాత ఫాంటు మార్చే ఉపాయం తెలిసినవాళ్లు కామెంట్లో చెప్పండి. తొందరేమీ లేదు, పెన్‌డ్రైవ్‌లో ఇంకా చాలా పాటలున్నాయి.